ఉప్పు నేలల్లో సార్వా నాట్లు: వరికి వ్యవధి ఇవ్వండి

కాలువ చివరి భూముల్లో సార్వా దమ్ములకు వేళవుతోంది. దివిసీమ, రేపల్లె, బాపట్ల తీర ప్రాంతాల్లో ఎండాకాలమంతా నేల అడుగు నుంచి పైకి తేలిన ఉప్పు పొలాల్లో తెల్లగా పేరుకుని ఉంటుంది. అలాంటి మడిలో లేత నారు నాటితే ఆకు కొసలు తెల్లబడతాయి, ముదురాకులు ఎండిపోతాయి, పైరు అక్కడక్కడా చచ్చి పలచబడుతుంది. దీన్ని తెగులనుకుని మందు కొట్టి డబ్బు పోగొట్టుకోవద్దు.

ఉప్పు వరిని రెండు విధాల దెబ్బతీస్తుంది. మడిలో నీరు నిలిచి ఉన్నా వేరు దాన్ని పీల్చుకోలేకపోవడం మొదటిది. ఇది వెంటనే కనబడుతుంది. రోజులు గడిచేకొద్దీ సోడియం ఆకుల్లో చేరి వాటిని మాడ్చేయడం రెండోది.

మొక్క మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోదు. వేరుకు సోడియం తగిలిన క్షణాల్లోనే కణాల్లో కాల్షియం పెరుగుతుంది. ప్రమాదం వచ్చిందన్న కబురు అదే. దాన్ని అందుకున్న ప్రొటీన్లు సోడియాన్ని బయటికి నెట్టే పని మొదలుపెట్టిస్తాయి. మరోపక్క అబ్సిసిక్ ఆమ్లమనే హార్మోను పెరిగి ఆకు రంధ్రాలను మూయిస్తుంది, జన్యువులను నడిపించే ప్రొటీన్లను మేల్కొలుపుతుంది. ఇవి డీఎన్ఏ మీద తమ తమ చోట్ల అతుక్కోగానే, అంతవరకు మందకొడిగా ఉన్న జన్యువులు ఊపందుకుంటాయి. కణంలో నీటిని పట్టి ఉంచే ప్రోలిన్ తయారవుతుంది. సోడియాన్ని కణంలోని రిక్తిక అనే సంచిలోకి తోసి బంధించే ప్రొటీన్లూ పెరుగుతాయి. ఈ పనులకు శక్తి ఖర్చవడం వల్ల కూడా పైరు కొన్నాళ్లు ఎదగదు. ఆ ఎదుగుదల ఆగడం మొక్క తనను తాను కాపాడుకునే ప్రయత్నమే. దాన్ని చూసి కంగారుపడి యూరియా కుమ్మరించకండి.

ఈ జన్యువుల్లో చాలావరకు అన్ని వరి రకాల్లోనూ ఉన్నాయి. ఏది ఏ కణంలో, ఎంత త్వరగా, ఎంత సమర్థంగా పనిచేస్తుందన్న దగ్గరే తేడా వస్తుంది. బెంగాల్ రకం నోనా బొక్రాలో 2005లో గుర్తించిన ఒక జన్యువు, ఆకులకు పోయే రసంలోంచి సోడియాన్ని దారిలోనే వెనక్కి తీసేస్తుంది. కేరళ తీరపు పొక్కాలి రకంలో ఈ గుణాన్నిచ్చే భాగం ఒకటో క్రోమోజోమ్ మీద ఉంది. ఉప్పును తట్టుకునే కొత్త రకాల తయారీలో దాన్ని వాడుకుంటున్నారు. మన దగ్గర మచిలీపట్నం పరిశోధన స్థానం ఇచ్చిన ఎంసీఎం రకాల గురించి అడిగి తెలుసుకోండి.

రకం ఎంత మంచిదైనా ఈ ఏర్పాటంతా కుదురుకోవడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. మొలక దశలో వరి ఉప్పును బాగానే ఓర్చుకుంటుంది. రెండు మూడు ఆకుల నారు ఓర్చుకోలేదు. అందుకే నారుమడికి తప్పకుండా మంచినీరే పెట్టండి. ముప్పై, ముప్పై అయిదు రోజుల ముదురు నారును కుదురుకు మూడు నాలుగు మొక్కల చొప్పున దగ్గర దగ్గరగా నాటండి. నాటేముందు పొలంలో మంచినీరు నిలగట్టి, దమ్ము చేసి, ఆ నీటిని మురుగు కాలువలోకి తీసేయండి. వీలైతే రెండు మూడు సార్లు చేయండి. ఆఖరి దమ్ములో ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటు వేయండి. భాస్వరం ఎరువుతో మాత్రం కలపవద్దు.

తర్వాత మడి ఆరనివ్వకూడదు, ఆరితే ఉప్పు చిక్కబడుతుంది. కాలువ నీరు అందక బోరు నీరు పెట్టాల్సివస్తే ముందుగా పరీక్ష చేయించండి. ఒక్కసారిగా ఉప్పునీటికి మార్చకుండా మంచినీటితో కలిపి పెడితే, పైరుకు సర్దుకునే వ్యవధి దొరుకుతుంది.

భూసార పరీక్ష కాగితంలో ఈసీ (ఉప్పు మోతాదును తెలిపే విద్యుత్ వాహకత), ఉదజని సూచిక (పీహెచ్) రెండూ చూడండి. ఈసీ 3 దాటితే, ఆపై ప్రతి యూనిట్‌కూ వరి దిగుబడి సుమారు 12 శాతం తగ్గుతుందని అంచనా. ఉదజని సూచిక 8.5 దాటితే అది కారు చౌడు. దానికి పరీక్ష చెప్పిన మోతాదులో జిప్సం వేయాలి. వట్టి ఉప్పు నేలకు జిప్సం దండగ, మురుగు పోయే దారే మందు.

పొట్టదశ నుంచి పూత వరకు పైరు మళ్లీ సున్నితమవుతుంది. చెరువులో మిగిలిన మంచినీటిని ఆ రోజులకే దాచండి.