పెట్రోలు ధర పెరిగినప్పుడు ఏ ప్రయాణము ఆగును?

పెట్రోలు ధర పెరిగినదని వార్త వచ్చినప్పుడెల్ల మన ఊళ్ళలో రెండు మాటలు వినవచ్చుచుండును. “ఇక బండి నడుపుట మనవల్ల గాదు” అని ఒకరందురు. “మంచిదే, పనిలేని తిరుగుళ్ళు తగ్గును” అని వేరొకరందురు. రెండును లోకానుభవము నుండి పుట్టిన మాటలే. అయినను రెండును ఒకేసారి అందరియెడల నిజములు కాజాలవు. ఏది ఎవరియెడల నిజమో విచారించుట ఈ పాఠముయొక్క ఉద్దేశము. ఇది పైకి అర్థశాస్త్రపు ప్రశ్నగా కన్పట్టును గాని, పిల్లలను దూరపు బడికి పంపు తల్లిదండ్రులకు ప్రతినెలయు ఎదురగు ప్రశ్న.

ధర పెరిగిన కొలది వాడుక ఎంత తగ్గునను దానికి అర్థశాస్త్రజ్ఞులు ‘గిరాకీ వ్యాకోచత్వము’ అని పేరిడిరి. ఆల్ఫ్రెడ్ మార్షల్ అను ఆంగ్లేయ పండితుడు 1890లో ప్రకటించిన గ్రంథముతో ఈ భావము వ్యాప్తికి వచ్చినది. మామిడిపండ్ల ధర రెట్టింపైనచో కొనువారు తగ్గుదురు. ఉప్పు ధర రెట్టింపైనను ఎవ్వరును చప్పిడికూడు తినరు. మొదటిది వ్యాకోచముగల వస్తువు, రెండవది లేనిది. మరి పెట్రోలు మామిడిపండు వంటిదా, ఉప్పు వంటిదా?

అమెరికా దేశపు లెక్కలను హ్యూస్, నిట్టెల్, స్పెర్లింగ్ అను మువ్వురు పరిశోధకులు పరిశీలించి 2008లో ఫలితము ప్రకటించిరి. 1975–80 నడుమ ధర నూటికి పది పెరిగినచో వాడుక వెనువెంటనే నూటికి రెండు మూడు వంతులు తగ్గుచుండెను. 2001–06 నడుమ అదే పెరుగుదలకు వాడుక నూటికి ఒక వంతైనను తగ్గలేదు. ఇండ్లు ఊరి వెలుపల, కొలువులు వేరొకచోట, నడుమ బస్సు లేదు. బండి వారికి ఉప్పైనది.

దీనిని చూచి “ధర పెరిగినను జనులు తిరుగుట మానరు, కనుక ఎవరికిని కష్టము లేదు” అని తలచుట పొరపాటు. ప్రయాణము మానని ఇంట మరియొకటి మానవలసివచ్చును. పాలు తగ్గునో, చీటీకి కట్టు పైకము తగ్గునో, వైద్యుని చూచుట వచ్చే నెలకు వాయిదా పడునో పెట్రోలు లెక్కలలో కానరాదు.

మన దేశమున సంగతి వేరు. 2013–14లో దేశమున పెట్రోలు వాడుక సుమారు 1 కోటి 71 లక్షల టన్నులు. 2023–24 నాటికి అది 3 కోట్ల 72 లక్షల టన్నులకు పెరిగినది. నడుమ ధర కొంతకాలము తగ్గినను మరల పెరిగి, 2021లో పెక్కుచోట్ల లీటరు 100 రూపాయలు దాటినది. ధర పెరిగినది, వాడుకయు రెట్టింపునకు మించినది! కారణము సులభము: క్రొత్తగా బండి కొన్నవారు కోట్లలో ఉన్నారు. పైగా పెట్రోలు కార్లవారి సొత్తు అనుకొనుట ఒక భ్రమ. కేంద్రప్రభుత్వపు పెట్రోలియము విభాగము కొరకు జరిపి 2014లో ప్రకటించిన సర్వే ప్రకారము దేశపు పెట్రోలులో నూటికి 61 వంతులు ద్విచక్ర వాహనములే త్రాగుచుండెను. అనగా ధర పెరిగినప్పుడు మొదట తాకునది మోటారుసైకిలుపై పాలక్యాను కట్టుకొని పోవు వానినే.

చమురు సంకటము మనకు క్రొత్తది కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పెట్రోలు కరవై, వెనుక బొగ్గుపొయ్యి తగిలించిన బస్సులు నడిచినవి. ఎత్తు వచ్చినప్పుడు ప్రయాణికులు దిగి త్రోయుట ఆనాటి టికెట్టులో భాగమని పెద్దలు నవ్వుచు చెప్పుచుండెడివారు. 1973 అక్టోబరులో పశ్చిమాసియా యుద్ధము వచ్చి, పీపా సుమారు 3 డాలర్లున్న ముడిచమురు కొలది నెలలలో 12 డాలర్లను సమీపించెను. ఆ నవంబరులో ధరల పెంపునకు నిరసనగా అటల్ బిహారీ వాజపేయి ఎడ్లబండిపై పార్లమెంటునకు వచ్చెను. పిమ్మట 2010 జూన్‌లో పెట్రోలు ధరపై, 2014 అక్టోబరులో డీజిలు ధరపై ప్రభుత్వ నియంత్రణ తొలగినది. 2017 జూన్ 16 నుండి దినదినము ధర మారు పద్ధతి వచ్చినది. పన్నుల చరిత్ర దీర్ఘమైనది. దాని ననుసరించి పోయినచో పాఠము దారితప్పును. కర్ణాటకమున 2024 జూన్‌లో అమ్మకపు పన్ను పెంచగా లీటరునకు సుమారు 3 రూపాయలు హెచ్చినవనియు, అట్లు హెచ్చిన పిమ్మటను బెంగళూరులో లీటరు 103 రూపాయల లోపు నుండగా హైదరాబాదులో 107 దాటియుండెననియు మాత్రము గుర్తుంచుకొనిన చాలును.

ఇప్పుడొక లెక్క వేయుదము. ఒక తండ్రి మోటారుసైకిలుపై దినమునకు 30 కిలోమీటర్లు తిరుగుననుకొందము. లీటరునకు 50 కిలోమీటర్లు వచ్చును, ధర 100 రూపాయలు. దినమునకు 60 రూపాయలు, నెలకు 25 పనిదినములకు 1,500. ధర 110 అయినచో 1,650. హెచ్చినది 150 రూపాయలు. నెలకు 60,000 తెచ్చుకొనువానికి ఇది నాలుగువందల వంతులలో ఒక వంతు. అతడు హోటలులో రెండు పూటలు కాఫీ మానిన సరిపోవును, మానకున్నను గడచును. నెలకు 15,000 వచ్చు ఇంట ఇది నూటికి ఒక వంతు. అప్పటికే ప్రతి రూపాయికిని పేరు పెట్టబడియున్నది. అతడు పాత 1,500 లోపలనే సర్దుకొనదలచినచో 25 దినములకు బదులు 22 దినములు మాత్రమే బండి తీయగలడు. రెండు దినములకు పైగా మిగిలిపోవును. ఆ దినములు ఎవరివి? ఆయన కూలి దినములా, పిల్లను బడికి దింపు దినములా?

‘అనవసర ప్రయాణము’ అను మాటలోని చిక్కు ఇచ్చటనే యున్నది. మూడు సందుల అవతలనున్న టీ బడ్డీకి బండిపై పోవు యువకులు లేకపోలేదు; అది ధర పెరిగి మానినచో ఎవరికిని నష్టము లేదు, కాళ్ళకు లాభము కూడ. కాని ధరకు కన్నులు లేవు. అది అవసరమును చూడదు, సంచిని చూచును. కలవాని విహారము సాగిపోవచ్చును, లేనివాని ఆసుపత్రి ప్రయాణము ఆగిపోవచ్చును. పైగా ఇంటిలో ఏది అనవసరమో నిర్ణయించునది ఎవరు? సాధారణముగా బండి తాళపుచెవి ఎవరి చేతనున్నదో వారే. అవ్వ కంటిపరీక్ష, కోడలి పుట్టింటి పయనము, ఆడపిల్ల ట్యూషను — ఇవి పట్టికలో ముందుగా కొట్టివేయబడును.

ఇందుకు నిదర్శనము మన రాష్ట్రముననే లభించినది. 2023 జూన్ 11న ‘శక్తి’ పథకము వచ్చి, కర్ణాటక స్త్రీలకు రాష్ట్రము లోపల సాధారణ ప్రభుత్వ బస్సులలో టికెట్టు వెల లేకుండ పోయినది. 2025 జూలై నాటికి అట్టి ఉచిత ప్రయాణములు 500 కోట్లు దాటినవి. అందు కొన్ని పూర్వము వెల ఇచ్చి చేయుచుండినవే. కాని బస్సులు క్రిక్కిరిసిన తీరు చూచినవారికి, అంతకు ముందు జరుగక ఆగిపోయిన ప్రయాణములు ఎన్నియో యుండెనని తెలియును. “ఊరక గుళ్ళు తిరుగుచున్నారు” అని కొందరు ఆక్షేపించిరి. మాణిక్‌నగరునకు పురుషుడు పోయిన భక్తి, స్త్రీ పోయిన అనవసరమా? ఆ ఆక్షేపణలో న్యాయము నాకు కానరాదు. వెల లేనప్పుడు జరిగి, వెల యున్నప్పుడు ఆగిన ప్రయాణమును అనవసరమనుటకంటె అందనిదనుట ఒప్పు.

బడి విషయమున నిదర్శనము ఇంకను స్పష్టము. బీహారులో 2006లో తొమ్మిదవ తరగతి చేరిన బాలికలకు సైకిలు కొనుటకు ప్రభుత్వము సొమ్మిచ్చినది. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అను అర్థశాస్త్రజ్ఞులు పరిశోధించి 2017లో ప్రకటించిన వ్యాసము ప్రకారము, దానివలన ఉన్నత పాఠశాలలో చేరు బాలికల సంఖ్య నూటికి 32 వంతులు పెరిగినది. బడి 3 కిలోమీటర్లకు మించిన దూరమున నున్న పల్లెలలోనే ఫలితము అధికము. ఆ బాలికల చదువును ఆపుచుండినది తెలివి గాదు, ఆసక్తి గాదు, దూరము.

భాషాల్పసంఖ్యాకులకు ఈ దూరము మరింత బరువు. తక్కినవారు దగ్గరి బడికి పంపుదురు. మాతృభాషలో చదువు కోరువారు అది యున్న చోటికి పోవలెను. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగు వసతులు కల్పింపవలెనని రాజ్యాంగమున 1956లో చేర్చబడిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది. కాని అది బస్సు నడుపదు. ఆ సంవత్సరమే నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రము విడిపోయి, పాత బీదరు జిల్లాలోని హుమ్నాబాదు, బీదరు, భాల్కి, ఔరాదు తాలూకాలు మైసూరు రాష్ట్రమునకు, జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. ఒకే జిల్లాలోని బంధువులు రెండు రాష్ట్రములవారైరి. నేడు హళ్ళిఖేడ్ (బి) నుండి జహీరాబాదులోని పుట్టింటికి పోవు స్త్రీకి ఇచ్చటి ‘శక్తి’ సరిహద్దు వరకే తోడు. తెలంగాణమున 2023 డిసెంబరు 9న వచ్చిన ‘మహాలక్ష్మి’ ఆ రాష్ట్రపు స్త్రీలకే గాని ఈమెకు గాదు. కనుక ఆమె పయనము డీజిలు ధరతోను, బస్సు ఛార్జీతోను ముడివడియే యున్నది; ఛార్జీలు కర్ణాటకమున 2025 జనవరి 5 నుండి నూటికి 15 వంతులు పెరిగినవి.

ప్రత్యామ్నాయము లేనిచోట ధర పెంచినచో ఏమగునో ఫ్రాన్సు చూపినది. 2018 నవంబరు 17న పసుపుపచ్చ చొక్కాలు తొడిగి లక్షలాది జనులు రహదారుల కూడళ్ళకెక్కిరి. ఇంధనపు పన్ను వారి మొదటి ఫిర్యాదు. వారిలో పెక్కురు చిన్న ఊళ్ళవారు, రైలును బస్సును అందనివారు. అదే పన్ను పారిస్ నడిబొడ్డున నున్నవానికి మెట్రో ఎక్కుటకు ఒక సాకు మాత్రమే. మన ప్రాంతమున 2017 అక్టోబరులో హుమ్నాబాదు మీదుగా బీదరు–కలబురగి రైలుమార్గము తెరువబడినది. అది పెద్ద మేలు. అయినను బడి గంటకును రైలు వేళకును పొత్తు కుదిరినప్పుడే అది విద్యార్థికి మార్గమగును.

కావున నా అభిప్రాయమిది: బస్సు దొరకు చోట, ఆదాయమున కొంత వెసులుబాటు గల ఇంట, ధర పెరుగుట వృథా తిరుగుళ్ళనే తగ్గించును. అవి రెండును లేనిచోట అది అవసరపు ప్రయాణమునే కోయును. మన తాలూకాలో రెండవ తరగతివారే అధికులని నేను తలచుచున్నాను.

దీనిని ప్రతి యింటివారును స్వయముగా పరీక్షింపవచ్చును. ఒక నెలపాటు పిల్లలచేత ఒక నోటుపుస్తకమున నాలుగు గడులు గీయించి, తేదీ, ఎవరు పోయినది, ఎందుకు పోయినది, ఎంత ఖర్చైనది వ్రాయింపుడు. పోదలచి పోలేకపోయిన ప్రయాణములను ఎఱ్ఱసిరాతో, మానినది ఎవరో పేరుతో సహా వ్రాయింపుడు. ఏడవ తరగతి మొదలు పైతరగతులవారు నెలాఖరున నూటికి వంతులు కట్టగలరు. క్రిందితరగతులవారికి కూడిక చాలును.