గులేబకావళి కథ – గుణదోష వివేచన

ఉద్దేశం

అద్భుత ప్రణయకథను ఆస్వాదించడంతో పాటు దాని గుణదోషాలను వివేచించే దృష్టిని విద్యార్థులకు కలిగించడం, పరభాషా కథ ఒకటి తెలుగు నుడికారాన్ని సంతరించుకొన్న తీరును తెలపడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

కథ వినాలనే కోరిక మనిషికి సహజం. అద్భుతం, ప్రణయం కలిసిన కథ అయితే ఆకర్షణ మరింత ఎక్కువ. ఉత్తర తెలంగాణ పల్లెలు ఇటువంటి కథలకు ఆటపట్లు. కరీంనగర్ ప్రాంతంలో ఒగ్గు కళాకారులు, మల్లన్న గొల్ల కేతమ్మను పెండ్లాడిన కథను డోలు దరువుకు అనుగుణంగా గానం చేస్తారు. ఆదిలాబాదు అడవి పల్లెల్లో ప్రధానులు కిక్రి వాయిస్తూ గోండుల దేవతల గాథలను, వీరుల గాథలను వినిపిస్తారు. ఈ నేలపై పెరిగిన శ్రోతకు దేవతలు మానవులను ప్రేమించడం వింతగా తోచదు.

ఇటువంటి వాతావరణంలోనే, నేటి రాజన్న సిరిసిల్ల జిల్లాలోని హనుమాజీపేటలో, 1931లో సి. నారాయణరెడ్డి జన్మించారు. బాల్యంలో హరికథలను, జంగం కథలను ఆసక్తితో విన్నారు. చదువు ఉర్దూ మాధ్యమంలో సాగింది. తరువాతి కాలంలో 'విశ్వంభర' కావ్యానికి జ్ఞానపీఠ పురస్కారం పొందిన ఆ కవి, 1962లో విడుదలైన 'గులేబకావళి కథ' చిత్రానికి పాటలన్నీ రాసి చలనచిత్ర రంగంలో ప్రవేశించారు. ఎన్.టి. రామారావు, జమున నటించిన ఆ చిత్రానికి ఆధారమైన కథ కూడా ఉర్దూ సాహిత్యంలో సుప్రసిద్ధమైనదే.

'గుల్' అంటే పువ్వు. గులేబకావళి అంటే బకావళి పువ్వు. ఈ కథను 1722లో ఇజ్జతుల్లా బెంగాలీ పారసీకంలో రచించాడు. 19వ శతాబ్ది ఆరంభంలో నిహాల్‌చంద్ లాహోరీ దీనిని ఉర్దూ వచనంలోకి తెచ్చాడు. దయాశంకర్ నసీం 'గుల్జారె నసీం' అనే కావ్యంగా మలిచాడు. వీరి చేతుల్లో పెరిగిన కథాసారం ఇది.

కుమారుని ముఖం చూస్తే తండ్రికి అంధత్వం కలుగుతుందని జ్యోతిష్కులు చెప్పగా, రాజు తన చిన్న కుమారుణ్ణి దూరంగా పెంచుతాడు. ఒకనాడు వేటలో అనుకోకుండా అతణ్ణి చూచి చూపు కోల్పోతాడు. పరుల లోకంలోని బకావళి పువ్వుతోనే చూపు వస్తుందని వైద్యులు చెబుతారు. పువ్వు కోసం బయలుదేరిన అన్నలు దారిలో ఒక వేశ్య ఆడించే పాచికల జూదంలో ఓడి బందీలవుతారు. పిల్లి నెత్తిన దీపం నిలిపి, ఆ నీడలో ఎలుక చేత పాచికలను తిప్పించడం ఆమె చేసే మోసం. చిన్న రాజకుమారుడు ఆ మోసాన్ని కనిపెట్టి గెలుస్తాడు. తరువాత బకావళి తోటలో ప్రవేశించి, ఆమె నిద్రిస్తుండగా పువ్వును, ఉంగరాన్ని తీసుకొని వస్తాడు. అన్నలు ఆ పువ్వును అపహరించి కీర్తిని తమదిగా చెప్పుకొంటారు. బకావళి పురుషవేషంలో దొంగను వెదుకుతూ రాజసభకు చేరుతుంది. ఆమె కోపం క్రమంగా ప్రేమగా మారుతుంది. ఆ ప్రేమ ఫలితంగా ఇంద్రుని శాపానికి గురై, సగం శరీరం శిలగా మారి, చివరకు రైతు ఇంట మళ్ళీ జన్మించి ప్రియుణ్ణి చేరుతుంది.

ఈ కథలోని మొదటి గుణం అద్భుతానికి మానవ బంధం పునాది కావడం. కథానాయకుణ్ణి నడిపించేది రాజ్యకాంక్ష కాదు. ఏ తండ్రి తనను చూచి చూపు కోల్పోయాడో, ఆ తండ్రికే చూపు తెచ్చి ఇవ్వాలనే తపన. ప్రేమించవలసిన ముఖమే అనర్థానికి కారణమైందనే వేదన పాఠకుని హృదయాన్ని తాకుతుంది. రెండవ గుణం బుద్ధిబలానికి లభించిన గౌరవం. జూద ఘట్టంలో నాయకుణ్ణి గెలిపించింది మంత్రం కాదు, సూక్ష్మ పరిశీలన. మూడవది నాయిక వ్యక్తిత్వం. బకావళి తనకు జరిగిన అన్యాయానికి విలపిస్తూ కూర్చోలేదు. స్వయంగా బయలుదేరి దోషిని వెదికింది.

దోషాలు కూడా స్వల్పమైనవి కావు. నిద్రిస్తున్న స్త్రీ సొత్తును ఆమె అనుమతి లేకుండా తీసుకోవడం చౌర్యం. పితృభక్తి అనే సదుద్దేశం ఉన్నా ఆ చర్య నిర్దోషం కాజాలదు. కథకుడు దీనిని వీరకృత్యంగానే వర్ణించాడు. ప్రణయానికి మూల్యం చెల్లించడంలోనూ సమత లేదు. బకావళి శిలగా మారి దుఃఖిస్తున్న కాలంలోనే నాయకుడు మరొక రాజకుమారిని వివాహమాడతాడు. శాపం ఒకరికి, భోగం మరొకరికి దక్కాయి. ఇక మూడవ దోషం దైవిక సహాయం మితిమీరడం. ఆపద రాగానే పరులు, దేవ్‌లు ఆదుకొంటూ ఉంటే నాయకుని శక్తికి పరీక్ష ఉండదు. 1951 నాటి 'పాతాళభైరవి' చిత్రంలో ఈ విషయంలో మెలకువ కనిపిస్తుంది. కోరినదెల్లా ఇచ్చిన ప్రతిమ మాంత్రికుని పాలు కాగానే తోటరాముడు సర్వం కోల్పోయి, సాహసంతోనే తిరిగి సాధించుకొంటాడు. కావ్యానికి ఔచిత్యమే జీవమని క్షేమేంద్రుడు చెప్పాడు. అద్భుతానికి కూడా ఔచిత్యం అవసరం.

తెలుగు చిత్రంలో పాత్రలకు తెలుగు జానపద కథల పేర్లు వచ్చాయి. జోసెఫ్, విజయా కృష్ణమూర్తి సంగీతంలో ఘంటసాల, సుశీల పాడిన యుగళగీతం నేటికీ శ్రోతల నోట నిలిచి ఉంది. అందులో నాయికను నాయకుడు 'దొరసాని' అని సంబోధిస్తాడు. తెలంగాణ పల్లెలో ఆ మాట గడీలోని అధికారానికి గుర్తు. జనం భయంతో పలికిన ఆ మాటను కవి ప్రేమతో పిలిచే పిలుపుగా మార్చాడు. పారసీక కథకు తెలుగు ప్రాణం ఇటువంటి పదాల వల్లనే వచ్చింది. అయినా మధురమైన పాట కథలోని లోపాన్ని మరపించగలదే తప్ప తొలగించలేదు.

నేడు చైనా, కొరియా వంటి దేశాల అద్భుత ప్రణయ ధారావాహికలు అరచేతిలోని తెరపైకే వస్తున్నాయి. దివ్యలోకాలు, శాపాలు, పునర్జన్మలు వాటిలోనూ ఉన్నాయి. వాటిని చూడడం తప్పు కాదు. అయితే ఈ ప్రేమలో త్యాగం చేస్తున్నది ఎవరు, సుఖపడుతున్నది ఎవరు అని ప్రశ్నించుకోవాలి. నచ్చిన కథను ఈ విధంగా ప్రశ్నించగలిగినవాడే ఉత్తమ సహృదయుడు.

కఠిన పదాలు – అర్థాలు

ఆటపట్టు = నెలవు, స్థానం
దరువు = తాళానికి తగిన వాద్యధ్వని
కిక్రి = ప్రధానులు వాయించే తంత్రీవాద్యం
పరి = దివ్యస్త్రీ
చౌర్యం = దొంగతనం
ఔచిత్యం = తగినట్లు ఉండడం
గడీ = దొర నివాసమైన కోట వంటి భవనం
సహృదయుడు = కావ్యరసం ఎరిగినవాడు

ప్రశ్నలు

1. గులేబకావళి కథలోని గుణాలను వివరించండి.
2. బకావళి వ్యక్తిత్వాన్ని విశ్లేషించండి.
3. 'అద్భుతానికి కూడా ఔచిత్యం అవసరం' – సమర్థించండి.
4. మీ ప్రాంతంలో వినిపించే ఒక అద్భుత కథను సేకరించి, దాని గుణదోషాలను రాయండి.