అంతర్జాలమున నిఘంటువులు

పల్నాటిసీమలో నాగులేటి యొడ్డున దాచేపల్లి యున్నది. ఆ యేటికి ఎగువనున్న కారెంపూడియే పండ్రెండవ శతాబ్దమున పల్నాటి యుద్ధము జరిగిన చోటు. శ్రీనాథుడు రచించెనని ప్రసిద్ధిగాంచిన పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతము పరిష్కరింపగా, అది 1911లో అచ్చుపడెను. ఒకప్పుడు ఆ సీమలోని విద్యార్థికి తన యూరి కథ గల గ్రంథమే దొరకెడిది కాదు. దొరకినను, కఠినపదములకు అర్థము చూచుటకు పట్టణమునందలి పెద్ద గ్రంథాలయమునకు పోవలసి వచ్చెడిది.

నేడు ఆ గ్రంథాలయమే అంతర్జాలము ద్వారా ఇంటికి వచ్చినది. 'ఆంధ్రభారతి'లో ఒక పదమును వ్రాసి వెదకినచో, పెక్కు నిఘంటువులు ఒక్కమారే సమాధాన మిచ్చును. వానిలో 1852 నాటి బ్రౌను తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము ముఖ్యములు. అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయము బ్రౌను నిఘంటువునే గాక, 1991లో వెలువడిన గ్విన్ నిఘంటువును కూడ అంతర్జాలమున నిలిపినది. వేలకొలది పాత తెలుగు పుస్తకముల ఛాయాప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో గలవు.

అయితే సాధనము దొరకుట వేరు, దానిని వాడుట వేరు. ప్రాచీనకావ్యమున ఒక వీరుడు చీర ధరించెనని యున్నచో, నేటి బాలుడు నవ్వును. నిఘంటువు చూచిన బాలుడు నవ్వడు. పూర్వము 'చీర' యనగా వస్త్రమని మాత్రమే అర్థము. స్త్రీలు కట్టు వస్త్రమునకే ఆ పేరు పరిమితమగుట తరువాతి మాట. కావున తొలుత కనబడిన అర్థముతో తృప్తిపడరాదు. రెండు మూడు నిఘంటువులను పోల్చి, ఏ యర్థము ఆ వాక్యమున కుదురునో నిర్ణయింపవలెను. ఆ నిఘంటువు ఏ కాలమున పుట్టినదో కూడ గమనింపవలెను. 1852 నాటి గ్రంథమున నేటి వాడుకమాటలన్నియు నుండవు.

మరియొక జాగ్రత్త గలదు. యంత్రము అచ్చుపుటను చదివి అక్షరములుగా మార్చునపుడు ఒత్తులు, దీర్ఘములు తప్పిపోవచ్చును. సందేహము కలిగినచో మూలపుట ఛాయను చూచి సరిచూచుకొనవలెను. మన దేశమున గ్రంథకర్త మరణించిన పిమ్మట అరువది సంవత్సరముల వరకు సామాన్యముగా రచనాహక్కు నిలిచియుండును. అందువలన క్రొత్త గ్రంథములన్నియు అంతర్జాలమున ఉచితముగా లభింపవు. వానికై నేటికిని ఊరి గ్రంథాలయమే దిక్కు.

పూర్వము దూరము అడ్డమని విద్యార్థి చెప్పుకొనుటకు వీలుండెడిది. ఇప్పుడా యడ్డంకి చాలవరకు తొలగినది. తెలియని మాటను దాటిపోక, ఒక్క నిమిషమాగి దాని యర్థము వెదకు ఓపికయే ఇక కావలసినది. అట్టి ఓపిక గల బాలునకు, బాలికకు, తమ సీమ కావ్యము తామే చదివి తెలిసికొను భాగ్యము కలుగును.