కోడి జబ్బుకు పటంతో ఏం పని?



సాంఘికంలో పటం గీయమంటే మనకు విసుగు. మార్కుల కోసమే అనుకుంటాం. కానీ బర్డ్ ఫ్లూ వస్తే ఎవరి కోళ్ళను చంపాలి, ఎవరివి ఉంచాలి అని తేల్చేది పటమే. మన ఇండ్లలో కోళ్ళున్నాయి కాబట్టి ఇది మనం తెలుసుకోవాలి.

బర్డ్ ఫ్లూ అంటే ఏమిటి?
ఇది పక్షులకు వచ్చే జబ్బు. హెచ్5ఎన్1 అనే వైరస్ వల్ల కోళ్ళు గుంపులుగా చచ్చిపోతాయి. బాతుల వంటి నీటి పక్షులు దీన్ని దూరం మోస్తాయి. రెట్ట, బోనులు, గుడ్ల ట్రేలు, బండి టైర్లు, చెప్పుల వెంట కూడా పోతుంది. మనుషులకు అరుదుగా వస్తుంది. వస్తే ప్రాణం మీదికి రావచ్చు.

పటం ఎలా గీస్తారు?
2015 ఏప్రిల్‌లో రంగారెడ్డి జిల్లా హయత్‌నగర్ మండలం తొర్రూరులో కోళ్ళకు ఈ జబ్బు బయటపడింది. ఇట్లాంటప్పుడు చేసే పని ఇది:
1. జబ్బు వచ్చిన చోట చుక్క పెడతారు.
2. చుట్టూ 1 కి.మీ. వృత్తం గీస్తారు. అందులో కోళ్ళన్నిటినీ చంపి పూడ్చుతారు.
3. 10 కి.మీ. వృత్తం గీస్తారు. అందులో కోళ్ళను పరీక్షిస్తూ కనిపెట్టుకుని ఉంటారు.

వృత్తం ఒక్కటే చాలదు
హైదరాబాద్ పటం చూడండి. తొర్రూరు తూర్పు దిక్కున ఉంది. చార్మినార్ 10 కి.మీ. వృత్తం బయటే పడుతుంది. మరి పాతబస్తీకి భయం లేదా? చార్మినార్ దగ్గరే ముర్గీచౌక్ ఉంది. అక్కడ బతికున్న కోళ్ళు, పక్షులు అమ్ముతారు. కోళ్ళు అక్కడికి నడిచి రావు, బండెక్కి వస్తాయి. వృత్తానికి రోడ్డు సంగతి తెలియదు కదా!

అందుకే కంప్యూటర్‌లో జి.ఐ.ఎస్. అనే పద్ధతి వాడతారు. పలుచని కాగితాలు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు ఉంటుంది. ఒకదాని మీద కోళ్ళ ఫారాలు, ఒకదాని మీద రోడ్లు, ఒకదాని మీద ముర్గీచౌక్ లాంటి అంగళ్ళు, ఇంకోదాని మీద చెరువులు. పాతబస్తీలో మీర్ ఆలం చెరువు పక్కనే జూ పార్కు ఉంది. చెరువుకు నీటి పక్షులు వస్తాయి, జూలో బోను పక్షులు ఉంటాయి. ఇట్లా రెండు మూడు కలిసే చోట ముందుగా చూడాలి.

చుక్క పడాలంటే ఎవరో చెప్పాలి
మన దేశంలో కోళ్ళకు ఈ జబ్బు మొదట 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్ర నందుర్బార్ జిల్లా నవాపూర్‌లో బయటపడింది. అది ఆదివాసుల జిల్లా. జబ్బు బయటపడింది పెద్ద ఫారాల్లో. కానీ చుట్టూ ఊర్లలో ఇంటి కోళ్ళను కూడా చంపారు.

మా అవ్వ సంతలో ఒక కోడిని అమ్మితేనే నాకు బస్సు ఛార్జీ, నోటు పుస్తకాలు. కాబట్టి చెప్తే అన్నీ పోతాయని భయపడి దాచేవాళ్ళు ఉంటారు. దాస్తే అక్కడ చుక్క పడదు. చుక్క లేకపోతే జబ్బు లేదనుకుంటారు, అది పక్క గూడేనికి పోతుంది. ప్రభుత్వం చంపించిన కోళ్ళకు నష్టపరిహారం ఉంది. ముందే చచ్చినవాటికి ఇవ్వరు. అందుకే తొందరగా చెప్పడమే మేలు. ఆ డబ్బులు కూడా గూడెం దాకా తొందరగా రావాలి. రాకపోతే రెండోసారి ఎవరు చెప్తారు?

గుర్తుంచుకోండి: కోళ్ళు ఒక్కసారే ఎక్కువ చచ్చిపోతే వట్టి చేతులతో ముట్టకండి, కోసి వండకండి. పశువుల డాక్టరుకు చెప్పండి.

మీకు పని: సెలవుల్లో మీ గూడెం పటం గీయండి. కోళ్ళున్న ఇండ్లు, చెరువు, సంతకు పోయే బాట గుర్తించండి. 1 సెం.మీ. = 1 కి.మీ. అయితే 10 కి.మీ. వృత్తానికి వ్యాసార్ధం ఎంత?

- 9వ తరగతి విద్యార్థిని