కొత్త రికార్డుకు కొలబద్ద ఏది?

"సార్, ఆ కొత్త ఆల్బమ్ విన్నారా? ఎలా ఉంది?" అని విద్యార్థులు అడుగుతుంటారు. "బాగుంది" అంటే వాళ్లకు చాలదు. "బాగాలేదు" అంటే పోట్లాటకు దిగుతారు. ఈ రెండు మాటల్లో ఏదీ విమర్శ కాదు గనకనే ఈ చిక్కు వస్తోంది. నేను సంగీత శాస్త్రజ్ఞుణ్ణి కాను. భౌతికశాస్త్రం పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అయితే కొలవడమన్నది మా శాస్త్రంలో మొదటి పాఠం. ఆ పాఠాన్నే కొత్త రికార్డుల మీదికి మళ్లిస్తే ఏం తేలుతుందో చూద్దాం.

ముందు కొలిచే వస్తువేమిటో తెలుసుకోవాలి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులో ఒక్కో వైపు పట్టేది సుమారు మూడు, మూడున్నర నిమిషాల పాట. అలాంటి రికార్డులు కొన్నింటిని పుస్తకంలా కుట్టిన అట్టల మధ్య పెట్టి అమ్మేవారు. ఆల్బమ్ అనే పేరు అలా పుట్టిందే. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ లాంగ్ ప్లే రికార్డు తెచ్చాక ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పట్టసాగింది. దాంతో ఏ పాట ముందు రావాలి, ఏది వెనక రావాలి, వైపు తిప్పేముందు ఎక్కడ ఆపాలి అన్నవి కూడా కళలో భాగాలయ్యాయి. 1982లో కాంపాక్ట్ డిస్క్ వచ్చి ఆ తిప్పే పని లేకుండా చేసింది. ఇప్పుడు ఫోన్‌లో వింటున్నాం. స్పాటిఫై వారి లెక్కలో ముప్ఫై సెకన్లు వింటే చాలు, ఒకసారి విన్నట్లే! ఆ ముప్ఫై సెకన్లలో రాగం ముఖమైనా పూర్తిగా కనపడదు. అందుచేత సమీక్షకుడి మొదటి ధర్మం చాలా చిన్నది: మొత్తం వినడం.

శూన్యాంశ దోషం

స్క్రూగేజీ చేతికివ్వగానే శూన్యాంశ దోషం చూసుకోమని లాబ్‌లో చెబుతాం. వినేవాడి పరికరానికీ అదే సూత్రం. 1967 జూన్‌లో రిచర్డ్ గోల్డ్‌స్టీన్ అనే యువ విమర్శకుడు బీటిల్స్ వారి 'సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్' మీద 'న్యూయార్క్ టైమ్స్'లో సమీక్ష రాశాడు. లోకమంతా ఆ రికార్డును నెత్తిన పెట్టుకుంటున్న రోజులవి. ఆయన మాత్రం వాద్యాల హంగులూ, స్టూడియో చమత్కారాలూ పాటను మింగేశాయని నిష్ఠూరమాడాడు. చివరి పాటను మాత్రం మెచ్చుకున్నాడు. తన స్టీరియో స్పీకర్లలో ఒకటి సరిగా పనిచేయలేదని తరువాతి కాలంలో ఆయనే చెప్పుకున్నాడు. ఎడమ కుడి చెవులకు వేరువేరుగా పంచిపెట్టిన శబ్దంలో సగం అందకపోతే తీర్పు ఎలా ఉంటుందో ఊహించండి.

అలాగని ఆయన రాసిందంతా కొట్టిపారేయవలసింది కాదు. హంగు ఎక్కువై పాట తక్కువైందా అన్న ప్రశ్న ఇప్పటికీ సజీవమైనదే. మన సినిమా ఆల్బముల దగ్గర రోజూ అడగవలసిన ప్రశ్న కూడా. పైగా ఊరంతా మెచ్చుకుంటున్నదాన్ని కాదనడానికి గుండె ధైర్యం కావాలి. ప్రశ్న మంచిదైనా పరికరం చెడిందయితే సమాధానాన్ని నమ్మలేం. నేను చెప్పదలచింది ఇంతే.

ప్రక్కన పెట్టిన రికార్డు

కొలత అంటే పోలిక. దేనితో పోలుస్తున్నామన్నది రెండో ప్రశ్న. 1969లో లెడ్ జెప్లిన్ బృందం తొలి రికార్డు వచ్చినప్పుడు 'రోలింగ్ స్టోన్' పత్రికలో జాన్ మెండెల్సన్ దాన్ని తేలిగ్గా తీసిపారేశాడు. అంతకు ముందరి సంవత్సరం వచ్చిన జెఫ్ బెక్ రికార్డు 'ట్రూత్'ను ప్రక్కన పెట్టుకుని, అందులో లేనిది ఇందులో ఏముందని అడిగాడు. పోలిక అన్యాయమైనదేమీ కాదు. రెండు బృందాలదీ బ్లూస్ పునాదే. కానీ పోలికలో ఒక ప్రమాదముంది. రెండిటిలోనూ ఉన్నది చెవికి చప్పున చిక్కుతుంది. ఒకదానిలోనే కొత్తగా ఉన్నది జారిపోతుంది. జాన్ బోన్హమ్ డ్రమ్ముల బరువు, చప్పుడుకూ నిశ్శబ్దానికీ మధ్య వాళ్లు పెట్టిన దూరం ఆ రోజు లెక్కలోకి రాలేదు. అదే పత్రిక 2003లో 500 గొప్ప ఆల్బముల పట్టిక వేసినప్పుడు ఆ రికార్డుకు 29వ స్థానం ఇచ్చింది. పోల్చేటప్పుడు "ఏమి ఒకటే?" అని అడిగినన్ని సార్లూ "ఏమి వేరు?" అని కూడా అడగండి.

ఏ ప్రక్రియకు ఆ తక్కెడ

బంగారం తూచే త్రాసుతో ధాన్యం తూచం. సంగీతంలో మాత్రం ఆ పని నిత్యం చేస్తుంటాం. 1970లో మైల్స్ డేవిస్ 'బిచెస్ బ్రూ' అనే జంట రికార్డు వచ్చింది. విద్యుత్ పియానోలు, విద్యుత్ గిటారు, ఇద్దరు ముగ్గురు డ్రమ్మర్లు. టియో మసేరో అనే నిర్మాత టేపులు కత్తిరించి, అతికించి, వాయించినదాని నుంచి మరో రూపం తయారు చేశాడు. ఇది జాజేనా అని పాతకాలపు శ్రోతలు కొందరు పెదవి విరిచారు. ఒకే ఊపిరిలో వాయించిన కచేరీకి ఉండే కొలతతో చూస్తే వాళ్ల మాట నిజమే. కానీ ఆ రికార్డు కచేరీనని చెప్పుకోలేదు. కత్తెర కూడా అందులో ఒక వాద్యమే.

మన ఇంట్లోని ఉదాహరణ 1980 ఫిబ్రవరిలో విడుదలైన 'శంకరాభరణం'. కె.వి. మహదేవన్ సంగీతం. పాడినవారిలో ప్రధానుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, ఆయనకు కర్ణాటక సంగీతంలో శాస్త్రీయ శిక్షణ లేదు. ఆ చిత్రానికి నాలుగు జాతీయ అవార్డులు వచ్చాయి. వాటిలో మూడు పాటలకు సంబంధించినవే: సంగీత దర్శకత్వానికి ఒకటి, బాలుగారికీ వాణీ జయరాంగారికీ నేపథ్య గానానికి చెరొకటి. ఇందులో నిరవల్ ఏదీ, స్వరకల్పన ఎంత అని కచేరీ కొలత పెడితే రికార్డు తేలిపోతుంది. నాలుగైదు నిమిషాల్లో రాగం ముఖం స్పష్టంగా కనిపించిందా? పాడుతున్నది ఒక వృద్ధ విద్వాంసుడన్న నమ్మకం ఆ గొంతులో కలిగిందా? సంగీతం రాని శ్రోత కూడా గడప దాటి లోపలికి రాగలిగాడా? సినిమా పాటకు అడగవలసినవి ఇవి. ఈ మూడింటికీ నా జవాబు అవుననే. వాయులీనాల గుంపు అక్కడక్కడ మృదంగాన్ని కమ్మేసిందన్న ఫిర్యాదు మాత్రం నాకుంది. అది కచేరీ కొలత కాదు, సినిమా పాట కొలతలోనే లోపం.

ఘంటసాలగారి భగవద్గీత రికార్డుకు ఇంకో తక్కెడ కావాలి. ఏడు వందల శ్లోకాల్లోంచి కొన్నిటిని ఎంచి, తెలుగు తాత్పర్యంతో కలిపి వినిపించారు. అక్కడ గమకాలు లెక్కపెట్టడం దండగ. ఉచ్చారణ, పదం విరిచిన చోటు, శ్లోకానికీ తాత్పర్యానికీ మధ్య వదిలిన విరామం, ఇవే అక్కడ సంగీతం. జానపద గీతాల రికార్డయితే నేను అట్ట వెనక్కి తిప్పి చూస్తాను. ఈ పాట ఏ ఊరిలో, ఎవరి దగ్గర సేకరించారో రాశారా? రాయకపోతే స్వరం ఎంత తియ్యగా ఉన్నా ఒక మార్కు తగ్గిస్తాను.

ఒక ఇటీవలి రికార్డు

చెప్పిన సూత్రాన్ని వాడి చూపించకపోతే అది ఉపన్యాసమే అవుతుంది. 2023లో 'శక్తి' బృందం 'దిస్ మొమెంట్' అనే ఆల్బమ్ విడుదల చేసింది. 1977 నాటి 'నేచురల్ ఎలిమెంట్స్' తరువాత శక్తి పేరుతో వచ్చిన స్టూడియో రికార్డు ఇదే. 2024 ఫిబ్రవరిలో గ్రామీ బహుమతి కూడా పొందింది. 'బిచెస్ బ్రూ'లో గిటారు వాయించిన జాన్ మెక్లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్ తొలినాటి సభ్యులు. శంకర్ మహదేవన్ గాత్రం, గణేశ్ రాజగోపాలన్ వయొలిన్. ఒకప్పుడు విక్కు వినాయకరామ్ ఘటం ఉన్న చోట ఆయన కుమారుడు సెల్వగణేశ్ కంజీర.

దీనికి తగిన పోలిక 1975లో అమెరికాలోని ఒక కళాశాల వేదికపై రికార్డు చేసి, 1976లో విడుదల చేసిన వారి మొదటి రికార్డు. ఏమి ఒకటే? తాళం మీద పట్టు, ఒకరి ప్రశ్నకు మరొకరు జవాబివ్వడం. ఏమి వేరు? అప్పుడు చెక్క గిటారు. ఇప్పుడు విద్యుత్ గిటారు. అప్పుడు గాత్రం ప్రధానం కాదు; ఇప్పుడు అదే ముందు నిలుస్తుంది. తొలి రికార్డులో పడిపోతారేమో అనిపించేంత వేగం, ఆ అంచుమీది నడక నన్ను కుర్చీలో నిటారుగా కూర్చోబెడతాయి. కొత్తదానిలో పడిపోయే భయం లేదు. నునుపు ఎక్కువ. కొన్నోకోల్ పలికే చోట్ల మాత్రం పాత నిప్పు మళ్లీ రాజుకుంటుంది. ఇక మొదటి అంశం పేరే 'శ్రీనీస్ డ్రీమ్'. పాలకొల్లులో పుట్టి, విద్యుత్ మాండలిన్‌ను కర్ణాటక వేదిక ఎక్కించి, శక్తి మలిదశలో సభ్యుడై, 2014లో నలభై అయిదేళ్లకే కన్నుమూసిన యు. శ్రీనివాస్‌ను అది తలపిస్తుంది. ఆ పసివాడి చేతిలో ఆ వాద్యాన్ని చూసి తొలి రోజుల్లో పెద్దలు కొందరు సందేహించారు. తక్కెడ మార్చుకున్నవారికే ఆ సంగీతం దక్కింది. 2024 డిసెంబరులో జాకిర్ హుస్సేన్ కూడా వెళ్లిపోయాక ఈ రికార్డు వీడ్కోలులా వినిపిస్తోంది. కానీ ఆ బాధను రికార్డు గొప్పతనంగా జమ కట్టకూడదు. సమీక్షకుడు ఈ రెండు ఖాతాలనూ విడివిడిగా రాసుకోవాలి.

అంకె, మాట

1969లో న్యూయార్క్‌లో రాబర్ట్ క్రిస్ట్‌గౌ కొత్త రికార్డులకు పరీక్ష పేపర్లకు వేసినట్లు ఎ, బి, సి గ్రేడులు వేయడం మొదలుపెట్టాడు. ప్రతి గ్రేడు ప్రక్కనా బిగువైన నాలుగు వాక్యాలుండేవి. రానురాను లోకం వాక్యాలను వదిలేసి గ్రేడును పట్టుకుంది. ఇప్పుడు నక్షత్రాలు, సగటు మార్కులు, కోట్ల వీక్షణలు. నాకు అంకెల మీద కోపం లేదు; అవి నా కూడు. ప్రమాణం చెప్పని అంకెకు మాత్రం మా లాబ్‌లో సున్నా వేస్తాం. అయిదు అంటే అయిదు మీటర్లా, అయిదు కిలోలా?

విద్యార్థి మిత్రులకు నా మనవి ఇది. రికార్డును మూడుసార్లు వినండి. మొదటిసారి చేతిలో కలం లేకుండా, రెండోసారి కలంతో, మూడోసారి దానికి తగిన మరో రికార్డును ప్రక్కన పెట్టుకుని. తరువాత జర్మన్ కవి గేథే విమర్శకుడికి సూచించిన మూడు ప్రశ్నలు వేసుకోండి: కళాకారుడు ఏం చేయదలచాడు? అది చేయదగినదేనా? ఎంతవరకు చేయగలిగాడు? ఏ పరికరం మీద విన్నారో, ఏ తక్కెడ వాడారో ఒక్క వాక్యంలో చెప్పండి. ఆ పైన మెచ్చుకోండి, తిట్టండి, మీ ఇష్టం. చదివినవాడు మీతో విభేదించడానికి కూడా మీ సమీక్షలో ఆధారం దొరకాలి.

ఇదంతా తెలుగులో రాయండి. మన భాషలో కొత్త ఆల్బమ్ మీద కనిపించేది ఎక్కువగా పొగడ్త, లేకపోతే వీక్షణల లెక్క. ఏళ్ల తరబడి సాధన చేసి ఒక చిన్న రికార్డు తెచ్చుకున్న వేణు విద్వాంసుడికి, బుర్రకథ బృందానికి, కాలేజీ గిటారు కుర్రాడికి ఆ లెక్కల పోటీలో చోటు లేదు. వాళ్లకు కావలసింది పూర్తిగా విని, కారణం చెప్పి రాసిన ఒక పేజీ. ఆ పేజీ మనం రాయకపోతే ముప్ఫై సెకన్ల లెక్కే తీర్పైపోతుంది.