వలస వచ్చినవారు – అక్కున చేర్చుకున్నవారు

పుట్టిన ఊళ్ళో ఉన్నంతకాలం మనకు ఎన్ని అండలున్నాయో మనకే తెలియదు. కిరాణా కొట్టువాడు మొహం చూసి అరువిస్తాడు. పిల్లవాడికి జ్వరం వస్తే ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళాలో పొరుగింటి ఖాలా చెబుతుంది. రేషను కార్డు పని ఏ ఆఫీసులో అవుతుందో మామయ్యకు తెలుసు. ఊరు దాటి, దేశం దాటి వెళ్ళిన మనిషికి ఇవన్నీ ఒక్కసారిగా తెగిపోతాయి. చేతిలో చదువుంటుంది, ఒంట్లో శక్తి ఉంటుంది. కాని బస్సు టిక్కెట్టు ఎక్కడ కొనాలో తెలియదు. అటువంటి స్థితిలో ఉన్న మనిషిని ఆదుకోవటం ఎలా? ఎంతకాలం? ఏ హద్దు వరకు? ఈ నెల పాఠంలో ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

ముస్లింలకు ఇది కొత్త విషయం కాదు. మన సంవత్సరాల లెక్కే ఒక వలసతో మొదలవుతుంది. హజ్రత్ ఉమర్ (రజి) పాలనాకాలంలో ఇస్లామీయ క్యాలెండరును నిర్ణయించేటప్పుడు సహాబాలు దైవప్రవక్త (స) జన్మదినాన్ని తీసుకోలేదు, బద్ర్ విజయాన్నీ తీసుకోలేదు. మక్కా నుండి మదీనాకు జరిగిన హిజ్రత్‌నే తీసుకున్నారు. అది క్రీ.శ. 622వ సంవత్సరం.

మదీనాలో ఏం జరిగింది?

మక్కా నుండి వచ్చినవారు ముహాజిర్లు. ఇళ్ళు, సొమ్ము, వ్యాపారాలు వదిలేసి దాదాపు ఉత్తి చేతులతో వచ్చారు. వారికి ఆశ్రయమిచ్చిన మదీనావాసులు అన్సార్లు. మక్కావారు వ్యాపారులు, మదీనావారు ఖర్జూర తోటల రైతులు. జీవనోపాధి వేరు, అలవాట్లు వేరు, చివరికి గాలీ నీరూ కూడా వేరే. వచ్చిన కొత్తలో హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ బిలాల్ (రజి) జ్వరంతో మంచం పట్టారు. జ్వర తీవ్రతలో బిలాల్ (రజి) మక్కా లోయలను, అక్కడి గడ్డిని తలచుకుని బాధపడ్డారు. అంతటి దృఢ విశ్వాసులకే సొంత ఊరిపై బెంగ కలిగింది. కొత్త దేశానికి వెళ్ళిన మన బిడ్డ ఫోనులో ఏడిస్తే అది ఈమాన్ బలహీనత కాదు, మనిషి స్వభావం.

అన్సార్లు ముహాజిర్లను తమ ఇళ్ళలో ఉంచుకునేందుకు ముందుకు వచ్చారు. ఎవరి ఇంట ఎవరు ఉండాలో తేల్చటానికి చీట్లు వేసుకున్నారు. హజ్రత్ ఉస్మాన్ బిన్ మజ్‌ఊన్ (రజి) ఆ విధంగానే ఉమ్ముల్ అలా (రజి) కుటుంబం వంతుకు వచ్చారు. ఆయన జబ్బుపడితే ఆ ఇంటివారే సేవ చేశారు. ఆయన కన్ను మూసింది కూడా ఆ ఇంట్లోనే.

ఇల్లూ వాకిలీ, బంధువులూ లేనివారికి ప్రవక్త మస్జిద్‌లోనే నీడ ఉన్న ఒక చోటు ఏర్పాటయింది. దాన్నే సుఫ్ఫా అంటారు. ఇద్దరికి సరిపడే భోజనం ఉన్నవారు అక్కడి నుండి మూడో మనిషిని వెంట తీసుకువెళ్ళాలని ప్రవక్త (స) చెప్పారు. సుఫ్ఫావారు అక్కడే ఉండి ధర్మజ్ఞానం నేర్చుకునేవారు. మస్జిద్ వారికి నమాజు స్థలం, బస, బడి కూడా.

ఆ తర్వాత దైవప్రవక్త (స) మువాఖాత్, అంటే సోదరబంధం నెలకొల్పారు. ఒక ముహాజిర్‌ను ఒక అన్సారీకి పేరుపేరునా సోదరునిగా జతచేశారు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. “ముహాజిర్లకు సాయం చేయండి” అని అందరికీ ఒక ప్రకటన చేసి ఊరుకోలేదు. అందరి బాధ్యత అన్నది చాలాసార్లు ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది. ఫలానా మనిషి బాధ్యత ఫలానా మనిషిది అని తేల్చటం వల్లనే ఆ పని జరిగింది.

తోటలు పంచలేదు, పని పంచారు

అన్సార్ల త్యాగాన్ని దివ్యఖుర్ఆన్ హష్ర్ సూరా 9వ ఆయతులో ప్రశంసించింది. తమకు అవసరం ఉన్నా ఇతరులకే ప్రాధాన్యమిచ్చేవారుగా వారిని వర్ణించింది. అయితే ఆ త్యాగాన్ని ప్రవక్త (స) ఎలా మలిచారన్నదే నేటి పాఠం.

తమ ఖర్జూర తోటలను తమకూ ముహాజిర్లకూ మధ్య పంచమని అన్సార్లు కోరారు. ప్రవక్త (స) దానికి అంగీకరించలేదు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. తోటలు అన్సార్లవే. ముహాజిర్లు వాటిలో పనిచేస్తారు, పంటలో వాటా తీసుకుంటారు. దీనివల్ల ఇచ్చేవారి ఆస్తి కరగలేదు, పుచ్చుకునేవారి గౌరవమూ తగ్గలేదు. మక్కా వ్యాపారి మదీనా సేద్యం నేర్చుకున్నాడు. దానం తిన్నామన్న చిన్నతనం అతని మనసులో మిగలలేదు.

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) సంగతి మరింత ప్రసిద్ధం. ఆయనకు సోదరునిగా జతపడిన సఅద్ బిన్ రబీ (రజి) మదీనాలోని ధనవంతుల్లో ఒకరు. తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. అబ్దుర్రహ్మాన్ (రజి) ఆయన కోసం దుఆ చేసి, తనకు బజారుకు దారి మాత్రం చూపించమన్నారు. ఖైనుఖా తెగవారి బజారుకు వెళ్ళి, ఎండబెట్టిన పెరుగుగడ్డలు, నెయ్యి బేరం చేసి లాభంతో ఇంటికి వచ్చారు. కొన్నాళ్ళకు పెళ్ళి చేసుకున్నారు. ఖర్జూరపు గింజ ఎత్తు బంగారం మహర్‌గా ఇచ్చారు. ఒక్క మేకతోనైనా సరే వలీమా చేయమని ప్రవక్త (స) ఆయనకు చెప్పారు.

ఈ ఉదంతాన్ని మనం సాధారణంగా అబ్దుర్రహ్మాన్ (రజి) ఆత్మగౌరవానికి ఉదాహరణగా చెప్పుకుంటాం. అది నిజమే. కాని సఅద్ (రజి) వైపు నుండి కూడా చూడండి. సగం ఆస్తి ఇవ్వటానికి సిద్ధమైన మనిషి, అవతలివాడు అడిగింది దారి మాత్రమే అయితే, నొచ్చుకోకుండా ఆ దారే చూపించారు. మనం ఇవ్వదలచింది కాక, అవతలివారికి అవసరమైనది ఇవ్వటమే అసలైన సాయం.

సాయానికి ఒక ముగింపు ఉంది

మువాఖాత్ బంధం తొలిరోజుల్లో ఎంత బలంగా ఉండేదంటే, ఆ సోదరులు ఒకరికొకరు వారసులయ్యేవారు. తర్వాతి కాలంలో ముహాజిర్లు కుదుటపడ్డాక, వారసత్వం రక్తసంబంధీకులదేనన్న ఆదేశం వచ్చింది (అన్ఫాల్ సూరా 75వ ఆయతు చూడండి). హిజ్రీ 7వ సంవత్సరంలో (క్రీ.శ. 628) ఖైబర్ నుండి తిరిగి వచ్చాక, ముహాజిర్లు తమకు అన్సార్లు ఇచ్చి ఉంచిన ఖర్జూర చెట్లను ఎవరివి వారికి తిరిగి అప్పగించారు. సుమారు ఏడేళ్ళలో ఆ సాయం అవసరం తీరిపోయింది. సోదరభావం మాత్రం అలాగే నిలిచింది. వచ్చినవాడు తన కాళ్ళపై నిలబడేదాకా తోడుండాలి, నిలబడిన తర్వాత చేయి వదలాలి. మదీనా నేర్పిన పద్ధతి ఇది.

ఇంతకుముందే, క్రీ.శ. 615లో కొందరు ముస్లింలు అబిసీనియాకు వెళ్ళారు. అక్కడి రాజు నజాషీ అప్పటికి క్రైస్తవుడు. మక్కా నుండి వచ్చిన దూతలు వారిని తమకు అప్పగించమని కానుకలతో వచ్చినా, ఆయన ముందు హజ్రత్ జాఫర్ (రజి) మాట విన్నాడు, ఆ తర్వాతే తీర్పు చెప్పాడు, వారికి రక్షణ ఇచ్చాడు. ముస్లింలు ఆ దేశపు నీడలో సంవత్సరాల తరబడి శాంతియుతంగా జీవించారు. ఆశ్రయమిచ్చేవారు మన మతస్థులే కానక్కరలేదు, వారి మేలును గుర్తించటం మాత్రం మన ధర్మం.

నేటి ఉదాహరణ: కెనడా

మన కుటుంబాల పిల్లలు ఎందరో వెళుతున్న కెనడా దేశాన్నే తీసుకోండి. అక్కడ శాశ్వత నివాసులుగా వచ్చినవారికి, రక్షణ పొందిన శరణార్థులకు ఉచిత సేవలున్నాయి. డబ్బు కేంద్ర ప్రభుత్వానిది. పనిచేసేది మాత్రం ఊరూరా ఉన్న వందలాది స్వచ్ఛంద సంస్థలు. కొత్తగా వచ్చినవారితో కూర్చుని ముందుగా వారి అవసరాలేమిటో అడుగుతారు. తొమ్మిది అంకెల సోషల్ ఇన్సూరెన్స్ నంబరు, ఆరోగ్య కార్డు, పిల్లల బడి, అద్దె ఇంటి ఒప్పందం, ఉద్యోగ దరఖాస్తు, ఇలా ఒక్కొక్కటిగా దారి చూపుతారు. 1992 నుండి ‘లింక్’ పేరుతో ఉచిత ఇంగ్లీషు తరగతులు నడుస్తున్నాయి. తల్లులు చదువుకునే సమయంలో పసిపిల్లలను చూసుకునే ఏర్పాటు కూడా చాలాచోట్ల ఉంది.

అక్కడ ఇంకో ఏర్పాటు మదీనా మువాఖాత్‌ను గుర్తుకు తెస్తుంది. 1979 నుండి సామాన్య పౌరులు బృందాలుగా ఏర్పడి ఒక శరణార్థి కుటుంబం బాధ్యతను స్వీకరించే విధానం అక్కడ నడుస్తోంది. సాధారణంగా ఆ బాధ్యత ఒక సంవత్సరం. ఇల్లు వెదకటం, ఇంటి సామాను, చలి బట్టలు, పిల్లలను బడిలో చేర్చటం, డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళటం అన్నీ ఆ బృందానివే. చర్చిలు, ముస్లిం సంస్థలు, ఇరుగుపొరుగువారు ఇందులో పాల్గొన్నారు. శరణార్థుల కోసం చేసిన కృషికి 1986లో ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ నాన్సెన్ పతకాన్ని కెనడా ప్రజలకు ఇచ్చింది.

అయితే ఒక హెచ్చరిక. ఈ కేంద్ర సేవలు సాధారణంగా స్టూడెంట్ వీసాపై, తాత్కాలిక పనిపై వెళ్ళినవారికి వర్తించవు. మన పిల్లల్లో చాలామంది మొదట వెళ్ళేది అలాగే. కాలేజీలోని విదేశీ విద్యార్థుల విభాగం, కొన్ని రాష్ట్రాల సేవలు, స్థానిక మస్జిద్ వారికి ఆసరా. బయలుదేరే ముందే వీటిని తెలుసుకోవాలి. డాక్టరు, నర్సు, ఫార్మసిస్టు వంటి వృత్తుల్లో మన డిగ్రీ ఒక్కటే చాలదు. అక్కడి రాష్ట్రపు లైసెన్సు కావాలి. విమానం ఎక్కకముందే ఈ లెక్క వేసుకోకపోతే తర్వాత ఇంటిల్లిపాదీ బాధపడాలి.

‘మనవాడే కదా’ అనే మాట

కొత్తగా వచ్చినవాడు ఎవరిని నమ్ముతాడు? తన భాష మాట్లాడేవాడిని, తన మస్జిద్‌లో కనిపించేవాడిని నమ్ముతాడు. ఆ నమ్మకమే కొందరికి పెట్టుబడి అవుతుంది. ఒకే గదిలో ఎనిమిది మందిని కుక్కి ఒక్కొక్కరి నుండి అద్దె వసూలు చేస్తారు. లెక్కల్లో లేని పని చేయించుకుని జీతం ఎగ్గొడతారు. కాగితాలు సరిచేస్తామని వేలకు వేలు తీసుకుంటారు. “నీ వీసా సంగతి నాకు తెలుసు” అని బెదిరిస్తారు. పైకి ఇది కూడా సాయంలాగే కనిపిస్తుంది. కాని అవతలివాడు తన కాళ్ళపై నిలబడటం ఇష్టంలేని సాయం సాయం కాదు, సంకెల.

పని పూర్తిగా చేయించుకుని కూలి ఇవ్వని వ్యక్తికి ప్రళయదినాన అల్లాహ్ స్వయంగా ప్రత్యర్థిగా నిలుస్తాడని హదీసులో హెచ్చరిక ఉంది. బఖరా సూరా 282వ ఆయతు అప్పు వ్యవహారాన్ని రాతపూర్వకంగా, సాక్షులతో చేసుకోమంటోంది. కాబట్టి మనవాడే అయినా అద్దెకు రసీదు అడగటం, జీతానికి కాగితం అడగటం అవమానం కాదు. గల్ఫ్‌కు వెళ్ళే మన సోదరులకు ఇది మరీ ముఖ్యం. పాస్‌పోర్టు తన దగ్గరే ఉంచుకోవాలి. ఒప్పందం నకలు ఒకటి ఇంట్లో ఇచ్చి వెళ్ళాలి. జీతం అందకపోతే, కష్టం వస్తే భారత రాయబార కార్యాలయాన్ని ఆశ్రయించవచ్చు. ఆపదలో ఉన్న భారతీయుల కోసం 2009లో ఏర్పడిన సంక్షేమ నిధి ఉంది. ఫిర్యాదులకు 2015లో మొదలైన ‘మదద్’ వెబ్‌సైటు ఉంది. ఇంటి నుండి తండ్రో భార్యో కూడా అందులో ఫిర్యాదు పెట్టవచ్చు.

ఇంట్లో ఉండిపోయేవారి సంగతి

మగవాడు ఉద్యోగంలో నలుగురిని కలుస్తాడు. పిల్లలు బడిలో భాష పట్టేస్తారు. భార్య, ముసలి తల్లి నాలుగు గోడల మధ్య ఉండిపోతారు. డాక్టరు దగ్గరకు వెళ్ళాలంటే పదేళ్ళ కొడుకు మాటలు అనువదించాలి. తల్లి తన జబ్బు గురించి బిడ్డతో ఎలా చెప్పుకుంటుంది? ఇటువంటి చోట దుబాసీని అడగటానికి సంకోచించకూడదు. అంతకంటే మంచిది ఆమెకు భాష నేర్పించటం. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) ప్రవక్త (స) ఆదేశంపై యూదుల లిపిని పదిహేను రోజుల్లో నేర్చుకున్నారు. అవసరమైన భాష నేర్చుకోవటం మన సంప్రదాయంలోనిదే.

మనం చేయదగినవి

1. మన ఊరికి, మన వీధికి కొత్తగా వచ్చిన కుటుంబం ఏదో గుర్తించండి. బీహారు నుండి పనికి వచ్చినవారైనా, పక్క జిల్లా నుండి చదువుకు వచ్చిన పిల్లవాడైనా సరే. ఏ మతంవారన్నది అడగవద్దు.

2. మస్జిద్ కమిటీ ఒక్కో కుటుంబానికి ఒక్కో ఇంటిని పేరుతో జతచేయాలి. గ్యాసు, బడి, ఆస్పత్రి, బ్యాంకు, ఈ నాలుగు పనులయ్యేదాకా ఆ ఇంటిది బాధ్యత.

3. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాల్లో బాటసారి కూడా ఉన్నాడని గుర్తుంచుకోండి (తౌబా సూరా 60వ ఆయతు). దారి మధ్య డబ్బు లేక చిక్కుకున్నవాడు సొంత ఊళ్ళో కలిగినవాడైనా అర్హుడే.

4. విదేశం వెళ్ళిన మీ బిడ్డతో మాట్లాడేటప్పుడు డబ్బు ఎప్పుడు పంపుతావని కాక, అన్నం తిన్నావా, తోడు ఎవరున్నారు అని ముందు అడగండి. అతను అక్కడ కుదురుకున్నాక, తన తర్వాత వచ్చినవారికి దారి చూపమని చెప్పండి.

నిన్నటి ముహాజిర్ నేటి అన్సారీ కావాలి. అలా కాకపోతే మనం పొందిన సాయం మన దగ్గరే ఆగిపోయినట్టు. పరాయి ఊళ్ళో ఉన్న మన బిడ్డలకు సఅద్ బిన్ రబీ (రజి) వంటి తోడు దొరకాలని మనమంతా కోరుకుంటాం. అటువంటి తోడుగా మనం ఎవరికైనా ఉన్నామా అని ఈ రాత్రి పడుకునే ముందు ఒక్కసారి ఆలోచించుకుందాం.

ఇల్లు విడిచి వెళ్ళినవారందరినీ అల్లాహ్ తన రక్షణలో ఉంచుగాక! వారికి అండగా నిలిచే భాగ్యాన్ని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.