సర్దిన ఇల్లు సర్దినట్టే ఉండాలంటే



ఏడాదికొకసారి ఇల్లంతా దులిపే అలవాటు మన వైపు అన్ని ఇళ్లలోనూ ఉంది. కొందరు క్రిస్మస్ ముందు సున్నాలు వేసుకుంటారు, కొందరు సంక్రాంతి ముందు. ఆ నాలుగు రోజులూ ఇల్లు కళకళలాడుతుంది. శివరాత్రి నాటికి అటక మీద మళ్లీ అట్టపెట్టెలు, మంచం కింద మళ్లీ మూటలు, కిటికీ గూట్లో మళ్లీ మందుల కవర్లు చేరతాయి. "ఎంత సర్దినా ఇంతే" అని ఇల్లాలు విసుక్కుంటుంది. సర్దిన ఇల్లు ఏడాది పొడవునా అలాగే నిలవాలంటే ఏమి చేయాలో ఈ పాఠంలో తెలుసుకుందాం. ఇది అందం కోసం మాత్రమే కాదు, మన ఆరోగ్యం కోసం.

పోగుపడిన సామానుతో వచ్చే కీడు

1. దోమలు: డెంగీ జ్వరం తెచ్చే దోమ ఇంటి చుట్టూ నిలిచిన నీటిలోనే పెరుగుతుంది. పాత టైరు, పగిలిన కుండ, కొబ్బరి చిప్ప, పెరట్లో పడేసిన బకెట్ దానికి చాలు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. నీరు పారబోసినంత మాత్రాన పని అయిపోదు. పాత్ర గోడకు అంటుకున్న గుడ్లు నెలల తరబడి పొడిగా ఉన్నా చావవు, మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. కనుక వాడే పాత్రను వారానికొకసారి గట్టిగా తోమాలి. వాడని పాత్రను ఇంట్లోంచి పంపివేయాలి.

2. ఎలుకలు, పాములు: గింజలున్న చోటికి ఎలుక వస్తుంది, ఎలుక కోసం పాము వస్తుంది. కట్టెల మోపు, గోనెసంచుల గుట్ట, గోడవార మూటలు రెండింటికీ ఇళ్లే. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారిని కాటు వేస్తుంది. ఆ కాటుకు నొప్పి, వాపు పెద్దగా ఉండకపోవచ్చు. అందుచేత "ఏదో పురుగు కుట్టిందిలే" అని ఊరుకొని ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. కట్టెలు ఇంటికి దూరంగా పేర్చండి. మూటల పక్కన పడుకోకండి, దోమతెర అంచులు పక్క కిందికి దోపండి. కాటు అని అనుమానం వస్తే కోయడం, తాడు బిగించడం, నాటుమందు వేయడం వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

3. జారిపడడం: రాత్రి లేచిన ముసలివారికి మంచం నుంచి బాత్‌రూమ్ దాకా దారి ఖాళీగా ఉండాలి. దారిలో ఉన్న ఒక చిన్న పీట తుంటి ఎముక విరగడానికి చాలు. ఆ వయసులో తుంటి విరిగితే నెలల తరబడి మంచం పట్టవలసి వస్తుంది.

4. మందులు, విషాలు: పురుగుల మందు, యాసిడ్, పెట్రోలు కూల్‌డ్రింక్ సీసాలో పోసి మూల పెట్టడం చాలా ప్రమాదం. పిల్లవాడికి సీసా తెలుసు, లోపల ఏముందో తెలియదు. తాగినట్టు తెలిస్తే వాంతి చేయించకండి, సీసాతో సహా ఆసుపత్రికి రండి. ఇక మిగిలిపోయిన బిళ్లల సంగతి. మన జిల్లాలో ఉద్దానం వైపు మూత్రపిండాల జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో మీకు తెలుసు. ఆ జబ్బుకు అసలు కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. కానీ నొప్పి బిళ్లలు డాక్టరు చెప్పకుండా తరచూ మింగితే మూత్రపిండాలు పాడవుతాయి, ఇందులో అనుమానం లేదు. గూట్లో పాత చీటీ బిళ్లలు ఉంటే చెయ్యి వాటి మీదికే పోతుంది. లేకపోతే డాక్టరు దగ్గరికి వస్తారు.

ఇల్లు మళ్లీ ఎందుకు నిండుతుంది?

సాధారణంగా రెండు కారణాలు. మొదటిది, లోపలికి వచ్చినంత బయటికి పోదు. పెళ్లిళ్లలో వచ్చిన స్టీలు గిన్నెలు, బట్టల కొట్టు కవర్లు, చెన్నై, హైదరాబాద్ వెళ్లిన పిల్లలు వదిలిన పెట్టెలు, పాడైన ఫ్యాను, అన్నీ "ఎప్పుడో పనికొస్తాయి" అని ఉండిపోతాయి. లేమిని చూసిన పెద్దలకు ఏదీ పారేయ బుద్ధి కాదు. వారిని ఎగతాళి చేయకూడదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి పోయాక ఒక తాడు ముక్క, ఒక టార్పాలిన్ ఎంత విలువైనవో మనమంతా చూశాము. అయితే ఆ తాడు ఎక్కడుందో తెలిస్తేనే పనికొస్తుంది. పది మూటల కింద ఉన్నది లేనిదానితో సమానం.

రెండవది, ఏ వస్తువు ఎక్కడ ఉండాలో ఒక్కరికే తెలుసు. ఆమె పొలానికి వెళ్లినా, పురిటికి వెళ్లినా, జ్వరంతో పడుకున్నా ఇల్లు చెదిరిపోతుంది. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో వచ్చిన తన నర్సింగ్ పుస్తకంలో ఈ సంగతి మీదనే ఒక అధ్యాయం రాశారు. నర్సు ఉన్నప్పుడు జరిగే పని ఆమె లేనప్పుడు కూడా జరిగేలా ఏర్పాటు చేయాలన్నది ఆ అధ్యాయం సారాంశం. ఆసుపత్రి వార్డు మూడు షిఫ్టులలో, వేర్వేరు చేతుల మీద నడుస్తుంది. అత్యవసర ట్రేలో ఏ మందు ఎక్కడుందో రాత్రి డ్యూటీకి వచ్చిన కొత్త నర్సుకు కూడా తెలియాలి. అందుకే ప్రతి వస్తువుకు చోటు, చోటు మీద పేరు, షిఫ్టు మారేటప్పుడు లెక్క ఉంటాయి. జపాను కర్మాగారాలలో పుట్టి ఆసుపత్రులకు కూడా వచ్చిన 5ఎస్ పద్ధతిలోనూ ఇదే ఉంది. అక్కరలేనివి తీసివేయడం, ఉన్నవాటికి చోటు పెట్టడం, శుభ్రం చేయడం మొదటి మూడు మెట్లు. అందరికీ ఒకే పద్ధతి పెట్టడం, దానిని అలవాటుగా నిలుపుకోవడం చివరి రెండు. మనం ఇంట్లో మూడింటితో ఆగిపోతాము, అందుకే శివరాత్రికి అటక నిండుతుంది.

ఇంట్లో ఇలా చేయండి

ఒక్క చోటుతో మొదలుపెట్టండి. ఇల్లంతా ఒకే రోజు తిరగేస్తే సాయంత్రానికి ఓపిక పోయి, అన్నీ మళ్లీ అటకెక్కుతాయి. ముందుగా మందుల గూడు చూడండి. తేదీ దాటినవి, పేరు చెరిగినవి, ఎవరివో తెలియనివి వేరు చేయండి. తెరిచిన కంటి చుక్కల మందు నెల దాటితే వాడకండి. తీసివేసినవి నూతిలో, చెరువులో వేయకండి. ఆసుపత్రికి వచ్చేటప్పుడు తెచ్చి ఫార్మసీలో అడగండి. ఇన్సులిన్ సూదులను మందమైన ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి తెండి.

మూడు కుప్పలు చేయండి. ఉంచేవి, ఇచ్చేవి, పంపివేసేవి. ఏడాదిగా ముట్టని వస్తువును ఇంకొకరు వాడుకోగలిగితే ఈ వారమే ఇవ్వండి. తుక్కు ఇనుము కొనేవారికి వేయవలసినది గుమ్మం దాటి వెళ్లేదాకా పని పూర్తి కాలేదని లెక్క. ప్లాస్టిక్, టైర్లు మాత్రం భోగి మంటలో వేయకండి. ఆ పొగ ఆయాసం ఉన్నవారికి, పసిపిల్లలకు చాలా చేటు.

ఎవరి సామాను వారిని అడగండి. మామగారి పెట్టె ఆయన ముందే తెరవండి. చెప్పకుండా పారేస్తే మరుసటి నెల రెండింతలు దాచుకుంటారు. వలలు, పనిముట్లు బతుకుతెరువు, అవి చెత్త కాదు. వాటికి గాలి తగిలే చోటు చూపించండి. మన సముద్రపు గాలికి మూటగట్టిన బట్ట బూజు పడుతుంది, ఇనుము తుప్పు పడుతుంది.

చోటు అందరికీ తెలియాలి. చదువుకునే పిల్లల చేత డబ్బాల మీద పేర్లు రాయించండి. చదువు రాని పెద్దల కోసం రంగు గుడ్డ కట్టండి. కత్తెర, టార్చిలైటు, తాళాలు ఎక్కడున్నాయో ఇంట్లో ఎవరిని అడిగినా చెప్పగలగాలి. పురుగుల మందు మాత్రం పిల్లలకు అందకుండా, తాళం వేసి, దాని సొంత డబ్బాలోనే ఉంచండి.

ఒకటి వస్తే ఒకటి పోవాలి. కొత్త బకెట్ కొన్న రోజే పగిలిన బకెట్ వెళ్లాలి. ఇల్లు నిలిచేది ఈ ఒక్క నియమం మీదనే.

శుక్రవారం అరగంట కేటాయించండి. మన రాష్ట్రంలో శుక్రవారం డ్రై డే అని ఆరోగ్య కార్యకర్తలు చెబుతుంటారు. ఆ రోజే నీటి పాత్రలు తోమి ఆరబెట్టి, చోటు తప్పిన వస్తువులను చోటికి చేర్చండి. తండ్రికి పెరడు, కొడుక్కి అటక, కూతురికి పుస్తకాలు, అత్తగారికి మందుల గూడు. పని అంతా ఒక్క ఇల్లాలి మీద వేస్తే ఆ ఇల్లు ఎన్నాళ్లో నిలవదు.

తుఫాను పెట్టె ఒకటి ఉంచండి. ఆధార్, రేషన్ కార్డు, పొలం పట్టా, ఆసుపత్రి చీటీలు నీరు చొరని సంచిలో పెట్టండి. వారం రోజుల బీపీ, షుగర్ బిళ్లలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, టార్చిలైటు, తాడు కూడా అందులోనే. ఏటా సెప్టెంబరులో విప్పి తేదీలు చూసి మార్చండి. గాలి లేచిన రాత్రి వెతుక్కోవడానికి దీపం ఉండదు.

మీ ఇంటిని పరీక్షించుకోండి

1. తేదీ దాటిన మందు ఇంట్లో ఒక్కటైనా ఉందా?
2. చీకట్లో ముసలివారు ఏమీ తగలకుండా నడవగలరా?
3. పెరట్లో వారం దాటిన నీరు నిలిచి ఉందా?
4. ఇల్లాలు ఊరు వెళ్తే మిగిలినవారికి టార్చిలైటు దొరుకుతుందా?

నాలుగవ ప్రశ్నకు "దొరుకుతుంది" అని చెప్పగలిగిన రోజున మీ ఇల్లు నిజంగా సర్దుకున్నట్టు. ఈ శుక్రవారం మందుల గూటితో మొదలుపెట్టండి, వచ్చే శుక్రవారం మంచం కింద.